ఇల్లు ఖాళీ చేస్తున్నారా? ఒక కాగితం రాయండి

హన్మకొండలో మేం కిరాయికున్న ఇల్లు ఖాళీ చేసినప్పటి ముచ్చట ఇది. నెల ముందే ఓనరమ్మకు నోటిమాటగా చెప్పాను. "సరే బిడ్డా" అంది. తీరా సామాను ట్రాలీకెక్కించే రోజున "నాకెప్పుడు చెప్పిండ్రు?" అంటూ అడ్వాన్సులో ఒక నెల కిరాయి పట్టుకుంది. అబద్ధమాడిందనను, మరచిపోయిందేమో! నా దగ్గర మాత్రం రుజువు లేదు.

అందుకే చెబుతున్నా. ముందు మీ అగ్రిమెంటులో ఎంత గడువు రాసుకున్నారో చూసుకోండి. అలాంటిదేమీ లేకపోతే, నెలవారీ కిరాయి ఇంటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. అయితే అది రాతలో ఉండాలి, కింద మీ సంతకం ఉండాలి.

తేదీ, ఇంటి నంబరు, ఖాళీ చేసే రోజు, తిరిగి రావలసిన అడ్వాన్సు... ఈ నాలుగూ మామూలు తెలుగులో రాస్తే సరి. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ఓనరు సంతకం తీసుకోండి. పెట్టనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. వెళ్లేరోజు కరెంటు మీటరు రీడింగు రాసుకోవడం, తాళాలు ముట్టినట్టు రాయించుకోవడం మరవకండి.

"ఇంత మంచిగున్నంక కాగితమెందుకు?" అని మొహమాటపడకండి. ఆ మంచితనం చివరిదాకా నిలవాలనే కదా ఈ కాగితం!