కోరంగీలు



మ్యాపు తీసి కాకినాడకు దక్షిణంగా, గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి అనే వూరు వెతకండి. ఈనాడు జనం అక్కడికి మడ అడవులు చూడటానికి వెళుతున్నారు. ఒకప్పుడది ఓడలు కట్టే రేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దాన్ని ధ్వంసం చేసింది. రేవు పోయినా పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాణ్ణి "కోరంగీ" అనేవారు. శ్రీకాకుళంవాడైనా కోరంగీయే!

మనవాళ్ళేం తక్కువ తిన్నారా? రంగూనును "రంగం" చేసేశారు. వరి కోతలకూ, మిల్లుల్లో పనికీ, రేవులో మూటలు మోయడానికీ వేలమంది కాకినాడలోనూ, విశాఖపట్నంలోనూ స్టీమరెక్కి రంగం వెళ్ళేవారు. ఇరుకు గదిలో కిక్కిరిసి పడుకుని, కడుపు కట్టుకుని, మిగిల్చినది ఇంటికి పంపేవారు. అది మన కంటికి బాధ్యత. బర్మావాడి కంటికో? ఎంత తక్కువ కూలికైనా ఒప్పుకుని తన పని లాక్కునేవాడు కోరంగీ.

ఇక బర్మావాళ్ళు వొళ్ళు వంచరని మనవాళ్ళ అపోహ. ఐరావతీ డెల్టాలో అడవులు కొట్టి వరిచేలు చేసినవారు ముఖ్యంగా బర్మా రైతులే. మనవాళ్ళు రంగంలో వండుకున్న బియ్యం ఆ చేలవే!

1930లో ధాన్యం ధర పడిపోయింది. ఆ మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలవారు బర్మావాళ్ళను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరింది. 26వ తేదీ ఉదయం పనికి వచ్చిన బర్మావాళ్ళను, ఇక మీరక్కర్లేదు పొమ్మన్నారు. అది చూసి మనవాళ్ళు కొందరు నవ్వారు. మాటా మాటా పెరిగి కొట్లాట అయింది. అది నగరమంతా పాకి కొన్ని రోజులు సాగింది. వందమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మనవాళ్ళే.

ఒక్క నవ్వుకు అంత పగా అని అడుగుతారేమో. ఆ బర్మావాడి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగే దారి ఏదో కూడా అడగండి. కూలి రేటు కట్టినవారూ, ఒకరిని తీసి మరొకరిని పెట్టినవారూ కంపెనీలవారు. కొట్టుకున్నది మాత్రం కూలీలు.

1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాక లక్షలాది భారతీయులు, చాలామంది కాలినడకనే, ఇంటిదారి పట్టారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చాక మరికొందరు వచ్చారు. విశాఖపట్నంలో "బర్మా క్యాంపు" అనే పేట వారి పేరిట వెలిసినదే.

ఈ నెల మీకు రెండు పనులు. మీ ఇంట్లో పెద్దవాళ్ళను రంగం వెళ్ళినవారెవరైనా వున్నారా అని అడిగి రాసుకోండి. రెండోది, ఒడిశా, బీహారుల నుంచి మన రొయ్యల ఫ్యాక్టరీలకు పనికి వచ్చేవారిని మీ వీధిలో ఏమని పిలుస్తున్నారో విని, అదీ రాసుకోండి.