ఈల ఎవరి చేతిలో ఉంది?

పోయిన నెల్లో ఓ సాయంత్రం. పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తున్నాను. పక్కింటి అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, ఆట బూట్లు విప్పి, గోడ మీద నుంచి మా అరుగు మీదకి గిరాటేసింది. "ఎవరికైనా ఇచ్చెయ్యండి పిన్నీ, నాకిక అక్కర్లేదు" అంది. గొంతులో ఏడుపు, మొహంలో కోపం.

ఇక్కడ బందరులోనే డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఖోఖో ఆడుతుంది. రోజూ అయిదింటికే లేచి, వాళ్లమ్మ కాఫీ పెట్టేలోపు గ్రౌండుకి వెళ్లి పరిగెత్తి వచ్చే పిల్ల. ఏవైందే అని బతిమాలితే చెప్పింది. కాలేజీల మధ్య పోటీలకి జట్టు ఎంపికయింది. ఏడాదంతా గ్రౌండు మొహం చూడని ఓ పెద్దింటి అమ్మాయి పేరు జాబితాలో ఉంది. దీని పేరు లేదు. వెళ్లి అడిగితే సారు అన్నారట: "నీకు ఆట వచ్చు కదమ్మా! సర్టిఫికెట్టుతో నీకేం పని? ఆ పిల్లకి అవసరం."

ఆ మాట విని ముందు నవ్వొచ్చింది. తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆట వచ్చినవాళ్లకి చెమట, అవసరం ఉన్నవాళ్లకి కాగితం! మన కాలేజీల్లో ఆటలు ఎక్కడికొచ్చాయో ఇంతకంటే వివరంగా ఎవరు చెప్పగలరు?

అప్పుడూ అన్నీ బంగారం కాదు

"మా రోజుల్లో..." అని మొదలుపెడితే మా పిల్లలు లేచి వెళ్లిపోతారు. అందుకని ఆ రోజుల గురించి మంచీ చెడూ రెండూ చెప్తాను.

నేను డిగ్రీ గుడివాడలో చదివాను. 2004లో చేరాను. చీరలు కట్టుకునే ఈ ఒళ్లు అప్పుడు ఖోఖోలో పోలు చుట్టూ తిరిగిందంటే మావారు ఇప్పటికీ నమ్మరు. మా పీడీ సారు పాత మోపెడ్ మీద వచ్చేవారు. మెడలో ఈల, జేబులో ఓ చిన్న నోటుపుస్తకం. ప్రాక్టీసుకి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్నీ అందులోనే. జట్టు ఎంపికప్పుడు ఆ పుస్తకం తీసి అందరి ముందూ చదివేవారు. రానివాళ్లు ఎవరి పిల్లలైనా సరే, ఆటలో లేనట్టే.

ఓసారి పోటీలో మా పిల్లని ఎదుటి జట్టమ్మాయి తాకింది. రిఫరీ చూడలేదు. మా పిల్ల తనంతట తనే చెయ్యెత్తి బయటికొచ్చేసింది. ఓడిపోయాం. సారు తిడతారేమోనని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాం. ఆయన ఏమీ అనలేదు. బస్టాండు దగ్గర అందరికీ మిరపకాయ బజ్జీలు కొనిపెట్టారు. చెయ్యెత్తిన పిల్లకి ఒకటి ఎక్కువ! విలువలు అన్న మాట నేను ఏ పాఠంలో చదివానో గుర్తులేదు గానీ, ఆ బజ్జీ మాత్రం మర్చిపోలేను.

ఆ చెయ్యెత్తిన పిల్లది దివిసీమ. నాగాయలంక అవతల ఓ చిన్న ఊరు. 1977 నవంబరు 19 ఉప్పెనలో వాళ్ల ఇంట్లో సగం మంది పోయారు. "పరిగెత్తగలిగినవాళ్లే మిగిలారంట, అందుకే మా నాయనమ్మ నన్ను పరిగెత్తమంటుంది" అనేది నవ్వుతూ. కరకట్ట మీద పరిగెత్తి పెరిగిన కాళ్లు అవి. మాలో అందరికన్నా పైకి వెళ్లాల్సింది ఆ పిల్లే.

రెండో ఏడు ఓ ఎంపిక శిబిరానికి వెళ్లాం. అక్కడ నేర్పడానికి వచ్చినాయన మా సారు కాదు, వేరే ఊరాయన. నిలబడే తీరు సరిచేస్తానంటూ చేతులు వెయ్యకూడని చోట వేసేవాడు. "కోచ్‌కి సిగ్గుపడితే ఆటేం వస్తుంది?" అని ఎదురు దబాయింపు. అందరం చూశాం. అందరం తలొంచుకున్నాం. మూడోరోజు దివిసీమ పిల్ల పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. తర్వాత గ్రౌండుకి రాలేదు. డిగ్రీ పూర్తి కాకుండానే పెళ్లి చేశారు. ఆట ఎందుకు మానేసిందని ఇంట్లోవాళ్లు అడిగితే "చదువుకి అడ్డం" అందట. ఎందుకో నాకు తెలుసు. తెలిసీ, మా పీడీ సారుకి కూడా చెప్పలేదు. చెప్తే మమ్మల్ని కూడా ఆట మాన్పిస్తారని భయం. ఇరవై ఏళ్లు దాటినా ఆ తప్పు గొంతులో ముల్లులా ఉంది.

ఒకే ఆట, ఒకే ఈల. ఒకాయన చేతిలో అది నిజాయితీ నేర్పింది, ఇంకొకడి చేతిలో నోరు మూయించింది. ఆటలో విలువలు వాటంతటవే ఉండవు. ఈల పట్టుకున్న మనిషితోనే వస్తాయి, పోతాయి.

కాగితానికి పెరిగిన ధర

మరి ఇప్పుడెందుకు ఇంతగా దిగజారింది? నాకు తోచినవి మూడు కారణాలు.

మొదటిది సర్టిఫికెట్టు. వృత్తివిద్యా కోర్సుల్లో క్రీడాకోటా ఉంది. ప్రభుత్వోద్యోగాల్లో క్రీడాకారుల కోటాని మన రాష్ట్రం 2024 చివర్లో తెచ్చిన కొత్త క్రీడావిధానంలో 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. మంచి పనే. ఎండలో మాడినవాళ్లకి ఓ దారి. అయితే, కాగితానికి విలువ పెరిగేకొద్దీ దాని మీద సంతకం పెట్టే చేతికీ విలువ పెరుగుతుంది. ఆ చెయ్యి గట్టిదైతే పేదపిల్లకి ఉద్యోగం. మెత్తదైతే పెద్దింటి పిల్లకి సీటు.

రెండోది, ఆటస్థలం మాయమవడం. టెన్త్ అవగానే పిల్లల్ని తీసుకెళ్లి అపార్టుమెంటులాంటి జూనియర్ కాలేజీల్లో పడేస్తున్నాం. పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా చదువే. ఆడుకోవడానికి మెట్లు తప్ప మరో జాగా లేదు. ఆ రెండేళ్లు పరుగు మర్చిపోయిన పిల్లలు డిగ్రీకొచ్చాక జట్టుకి పన్నెండు మంది దొరకరు. ఇక జట్టు గ్రౌండులో కాకుండా కాగితం మీద తయారవుతుంది. ఈ పాపంలో వాటా మనదే. ఫీజు కట్టేటప్పుడు ఏసీ ఉందా అని అడిగాం గానీ, గ్రౌండు ఉందా అని ఎంతమందిమి అడిగాం?

మూడోది కోచ్‌ల బతుకు. చాలాచోట్ల వాళ్లు కాంట్రాక్టు మీదో, గెస్టుగానో పనిచేస్తున్నారు. పరీక్షల డ్యూటీ, జెండా పండగ, ఊరేగింపు అన్నీ వాళ్ల నెత్తినే. వచ్చే ఏడు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియనివాడు యాజమాన్యం చెప్పిన పేరు కాదనగలడా? తప్పుని ఒప్పు అనడం లేదు. వేరు ఎక్కడుందో చూడమంటున్నాను.

పెద్దస్థాయిలో కూడా ఇదే కథ. 2024 ఫిబ్రవరిలో మన ఆంధ్రా రంజీ ఆటగాడు హనుమ విహారి బహిరంగంగా ఓ మాట చెప్పాడు. జట్టులో ఒకణ్ణి కేకలేశానని, అతని తండ్రి రాజకీయ నాయకుడు కావడంతో నా కెప్టెన్సీ పోయిందని. అవతలివాళ్లు కాదన్నారు. నిజం ఎవరిదైనా, విన్నవాళ్లెవరికీ ఆశ్చర్యం కలగలేదు చూశారూ, అదీ బాధ!

గురువంటే...

మంచి గురువు చెయ్యి పడితే ఏమవుతుందో మన ఊళ్లే సాక్ష్యం. కోనేరు హంపి పుట్టింది గుడివాడలోనే, 1987లో. తండ్రి అశోక్ గారు అధ్యాపక ఉద్యోగం వదిలేసి కూతురికి చదరంగం నేర్పారు. 2002లో, పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. పెళ్లయి, బిడ్డ పుట్టాక 2019లో ఒకసారి, 2024లో మరోసారి ర్యాపిడ్ ప్రపంచ విజేత అయింది. తల్లయ్యాక ఆటేవిటి అనేవాళ్లకి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి పిల్ల కరణం మల్లీశ్వరికి బరువులెత్తడం నేర్పింది నీలంశెట్టి అప్పన్న గారు. ఆ పిల్లే 2000లో సిడ్నీలో ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక కూల్‌డ్రింకు ప్రకటన వద్దన్నాడు. ఒంటికి మంచిది కానిదాన్ని పిల్లలకి తాగమని ఎలా చెప్పను అన్నది ఆయన ఉద్దేశం. సైనా, సింధు అలాంటి మనిషి దగ్గర పెరిగారు.

రెండోవైపు కూడా చూడాలి. 1990లో హర్యానాలో రుచిక అనే పద్నాలుగేళ్ల టెన్నిస్ పిల్లని, ప్రత్యేక శిక్షణ ఇప్పిస్తానని ఆశపెట్టిన టెన్నిస్ సంఘం అధ్యక్షుడే అవమానించాడు. ఆయన పెద్ద పోలీసు అధికారి. ఫిర్యాదు చేసినందుకు ఆ కుటుంబాన్ని పీడించారు. 1993లో ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. కోర్టు ఆయన్ని దోషి అన్నది 2009లో! 2022లో స్లొవేనియాలో శిక్షణకి వెళ్లిన మన సైక్లిస్టు జాతీయ కోచ్ మీద ఫిర్యాదు చేస్తే, ఆయన ఒప్పందం రద్దు చేశారు. 2023లో పతకాలు గెలిచిన మల్లయోధురాళ్లు ఢిల్లీ రోడ్డు మీద కూర్చున్నారు. 2024లో హైదరాబాద్ మహిళా క్రికెట్ జట్టు బస్సులో కోచ్ మందు తాగుతున్న వీడియో బయటికొచ్చి ఆయన్ని సస్పెండ్ చేశారు.

మన దేశంలో కోచ్‌లకిచ్చే అవార్డు పేరు ద్రోణాచార్య. 1985 నుంచీ ఇస్తున్నారు. ద్రోణుడు గొప్ప గురువే, కాదనను. కానీ ఏకలవ్యుడి బొటనవేలు అడిగిందీ ఆయనే కదా! గురువు ఏదడిగినా ఇవ్వాలి, ఎదురు చెప్పకూడదు అని పిల్లలకి ఉగ్గుపాలతో పోస్తున్నాం. గౌరవం వేరు, భయం వేరు అని చెప్పడం మర్చిపోతున్నాం.

తల్లులుగా మనమేం చెయ్యాలి?

చట్టం మనవైపు ఉంది. చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఆఫీసులకే కాదు, క్రీడాసంస్థలకీ, స్టేడియాలకీ, పోటీలు జరిగే చోటుకీ వర్తిస్తుంది. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. పద్దెనిమిది నిండని పిల్లలకి 2012 నాటి పోక్సో చట్టం ఉంది. 1098కి ఫోన్ చెయ్యొచ్చు, ఆడవాళ్లకి 181 ఉంది. 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడాపాలన చట్టం కూడా ఆడవాళ్లకీ, మైనర్లకీ ఆటల్లో రక్షణ కల్పించే విధానం ఉండాలంటోంది.

చట్టం పుస్తకంలో ఉంటుంది, పిల్ల గ్రౌండులో ఉంటుంది. మధ్యలో మనం ఉండాలి. వారానికి ఒక్కసారైనా గ్రౌండుకి వెళ్లి ఓ మూల కూర్చోండి. మీరు అక్కడ ఉన్నారన్న సంగతే సగం పని చేస్తుంది. వేరే ఊరు పంపేటప్పుడు వెంట ఆడమనిషి ఎవరొస్తున్నారో అడగండి. ఎంపిక దేని మీద చేశారో అడగండి. అన్నిటికన్నా ముందు, ఇంటికొచ్చిన పిల్ల "ఇక ఆడను" అంటే "హమ్మయ్య, చదువుకో" అనకండి. ఎందుకని అడగండి. ఆ ఒక్క ప్రశ్న దివిసీమ పిల్లని వాళ్లింట్లో గట్టిగా ఎవరైనా అడిగి ఉంటే, నేను నోరు తెరిచి ఉంటే...

మర్నాడు పక్కింటి వదినా, నేనూ కాలేజీకి వెళ్లాం. గొడవ పడలేదు. ఏడాది హాజరు పట్టిక చూపించమని మాత్రం అడిగాం. సారు మొహం చిన్నబోయింది. "నా చేతుల్లో ఏముందమ్మా, పైనుంచి చెప్పారు" అన్నారు మెల్లిగా. నిజమే చెప్పారనిపించింది. ప్రిన్సిపాల్ గారిని కలిసి, రాతపూర్వకంగా ఇచ్చి వచ్చాం. ఈసారి జాబితా మారలేదు. కానీ వచ్చే ఎంపిక నుంచి హాజరూ, ఎంపిక మార్కులూ నోటీసు బోర్డులో పెడతామని రాసిచ్చారు. ఇదేం పెద్ద విజయం కాదు. అడిగితే కదులుతుందని మాత్రం తెలిసింది.

బూట్లు వారంరోజులు మా అరుగు మీదే ఉన్నాయి. ఎవరికీ ఇవ్వలేదు. నిన్న పొద్దున అయిదింటికి ముగ్గేద్దామని తలుపు తీస్తే, అక్కడ లేవు. వీధి చివర మసకచీకట్లో ఎవరో పరిగెత్తుకుంటూ మలుపు తిరిగారు. ముగ్గు సగంలో ఆపి, చెప్పులేసుకుని, నేనూ గ్రౌండు వైపు నడిచాను.