మనశ్శాంతికి సన్యాసమే మార్గమా?

మనశ్శాంతి కావలెనంటే సర్వమూ విడిచిపెట్టవలెనని కొందరు విద్యార్థి మిత్రుల అభిప్రాయం. ఇందుకు ఇమామ్ గజాలీ వారిని ఉదాహరిస్తారు. 1095లో బాగ్దాదు నిజామియా విద్యాలయంలో ఆచార్య పీఠం అధిష్ఠించియున్న ఆ మహాపండితులకు తమ బోధనలో కీర్తికాంక్షయే కనిపించింది. ఆ వ్యథచేత పాఠం చెప్పబోతే నోట మాట పెగలలేదు, అన్నం సయించలేదు. పదవిని వదలి డమాస్కసు, జెరూసలేములకు వెళ్ళిపోయినారు. నిజమే. కాని సంపదను పంచిపెట్టినప్పుడు సైతం పిల్లల పోషణకు చాలినంత నిలిపి మరీ బయలుదేరినారు! ఈ సంగతి మనవారు చెప్పరు. పైగా 1106లో నిషాపూరులో మరల బోధనకు పూనుకొన్నారు. చదువు వెంట వచ్చే పేరుపై మోజునే వారు త్యజించినారని నా అభిప్రాయం. పరీక్ష తప్పినానని ఇల్లు విడువదలచిన ఒక సహాధ్యాయితో మొన్న నేను వాదించినది ఇదే. అతడింకను సమాధానపడలేదు.