ఫోన్ తిరుపతిలో తయారు.. చిప్ రాకపోతే బేజారు!

2021 వినాయక చవితికి రావాల్సిన ఫోన్ అది. సెప్టెంబర్ 10న జియోఫోన్ నెక్స్ట్ రిలీజ్ అని జూన్ 24న రిలయన్స్ ఏజీఎంలో ముకేశ్ అంబానీ ప్రకటించారు. తీరా పండగ ముందు రోజు రాత్రి వాయిదా కబురు వచ్చింది. ఇంకొన్ని పరీక్షలు చేసుకోవాలని, ప్రపంచమంతటా సెమీకండక్టర్ల కొరత ఉందని జియో, గూగుల్ చెప్పాయి. ఫోన్ దీపావళికి గానీ బయటికి రాలేదు.

ఇందులో మన జిల్లాకేం పని? ఆ ఫోన్ తయారైంది తిరుపతి, శ్రీపెరంబుదూర్‌లలోని నియోలింక్ ప్లాంట్లలోనే. ఫ్యాక్టరీ ఇక్కడుంది, పనిచేసే చేతులు ఇక్కడున్నాయి. చిప్ మాత్రం పరాయి దేశం నుంచి రావాలి.

అదేమైనా లేటెస్ట్ చిప్పా అంటే కాదు. 28 నానోమీటర్ల పాత రకం క్వాల్‌కామ్ చిప్. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. అప్పట్లో ఎక్కువ ఇబ్బంది పెట్టింది పాత రకాలే. లాభం తక్కువ కాబట్టి వాటికి కొత్త లైన్లు వేయడానికి కంపెనీలు పెద్దగా ముందుకు రాలేదు.

శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లోనే షావోమీ ఫోన్లు మొదలుపెట్టింది. తిరుపతిలో డిక్సన్ టీవీలు చేస్తోంది. బోర్డు మీద అతికించే చిప్‌ల దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే కథ.. తైవాన్, కొరియా, చైనా వైపు చూడాల్సిందే.

ఇప్పుడు సెగ మెమరీ చిప్‌లకు తగిలింది. ఈ మార్కెట్‌లో సింహభాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్‌లదే. ఏఐ డేటా సెంటర్లు ఎక్కువ రేటు పెట్టి కొంటుంటే సరుకు అటే పోతోంది. సామాన్యులకు ర్యామ్ అమ్మే క్రూషియల్ బ్రాండ్‌ను వదిలేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో మైక్రాన్ ప్రకటించింది. లక్ష రూపాయల ఫోన్‌లో ఈ భారం సర్దుకుపోవచ్చు గానీ, పదివేల ఫోన్‌లో ఎక్కడ సర్దుతారు?

మరి మన దగ్గర చిప్‌లు చేయడం లేదా? 2025 ఆగస్టు 12న కేంద్ర కేబినెట్ ఏపీకి ఏసిప్ టెక్నాలజీస్ యూనిట్‌ను ఓకే చేసింది. కొరియా కంపెనీ టెక్నాలజీతో ఏడాదికి 9.6 కోట్ల చిప్‌ల కెపాసిటీ. మంచిదే. కానీ అది ప్యాకేజింగ్ యూనిట్. వడ్లు పండించడం వేరు, మిల్లాడించి బస్తా కట్టడం వేరు!

పండించే పని గుజరాత్‌లోని ధోలేరాలో మొదలైంది. తైవాన్ కంపెనీ పీఎస్ఎంసీతో కలిసి టాటా కడుతున్న ప్లాంట్‌కు 2024 మార్చి 13న శంకుస్థాపన జరిగింది. జియోఫోన్ నెక్స్ట్‌లో వాడిన 28 నానోమీటర్ల రకం అక్కడి ప్లాన్‌లో ఉంది. మెమరీ చిప్‌లు మాత్రం ఆ ప్లాన్‌లో లేవు.