సిద్ధాంతం ఎవరి అరుగు మీద కూర్చుని మాట్లాడుతోంది?

పొలిటికల్ సైన్స్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచుగా అడుగుతున్నారు: "అన్నా, ఇంటర్నేషనల్ రిలేషన్స్ పేపర్‌తో మనకేం పని? అందులో కులం ఊసే లేదు కదా?" లేదు కాబట్టే ఇంకాస్త జాగ్రత్తగా చదవాలి అంటాను నేను.

సిలబస్‌లో ముందు కనిపించేది వాస్తవికవాదం. 1948లో మోర్గెంథో, 1979లో వాల్ట్జ్ రాసిన పుస్తకాలు దానికి పునాదులు. వాల్ట్జ్ వాదన స్థూలంగా ఇది: దేశాల మీద అధికారం చేసే ప్రభుత్వమేదీ లేదు, కాబట్టి ఎవరి రక్షణ వాళ్లే చూసుకోవాలి. దేశం లోపల ఎవరు ఎలా బతుకుతున్నారన్నది ఆయన లెక్కలోకి రాదు. ప్రతి దేశమూ ఒకే మనిషిలా, ఒకే గొంతుతో కనిపిస్తుంది.

దీన్ని 2001 డర్బన్ సదస్సు ముందు పెట్టి చూడండి. జాతి వివక్ష మీద ఐక్యరాజ్యసమితి జరిపిన ఆ సదస్సులో కులాన్ని చర్చించాలని దళిత కార్యకర్తలు పట్టుబట్టారు. కులం, రేస్ ఒకటి కాదని, ఇది మా ఇంటి వ్యవహారమని భారత ప్రభుత్వం అడ్డుకుంది. మరి 1965 నాటి జాతి వివక్ష నిర్మూలన ఒప్పందంలో 'డిసెంట్' అనే మాట, అంటే వంశం, పుట్టుక, చేర్చాలని ప్రతిపాదించింది భారతదేశమే! చివరికి డర్బన్ ప్రకటనలో కులం అన్న మాట లేదు. ప్రభుత్వమూ 'భారతదేశం' పేరుతోనే మాట్లాడింది, దాన్ని నిలదీసిన వాళ్లూ ఈ దేశ పౌరులే. ఇక 'జాతీయ ప్రయోజనం' ఎవరిది?

ఇంట్లో దారి మూసుకుపోయిన ఉద్యమాలు బయటి సంస్థల ద్వారా సొంత ప్రభుత్వం మీద ఒత్తిడి తెస్తాయని కెక్, సిక్కింక్ 1998లో రాశారు. దానికి 'బూమరాంగ్' అని పేరు పెట్టారు. డర్బన్‌లో మనవాళ్లు చేసింది అదే. 2002లో ఆ ఒప్పందాన్ని పర్యవేక్షించే కమిటీ, 'డిసెంట్' కిందికి కులం కూడా వస్తుందని స్పష్టం చేసింది.

అంతమాత్రాన వాస్తవికవాదాన్ని చెత్తబుట్టలో వేయమని కాదు. నీతి చెప్పినంత మాత్రాన రాజ్యాలు కదలవని అది చేసే హెచ్చరిక నిజం. కమిటీ మాట వచ్చాక కూడా ప్రభుత్వం తన వైఖరి మార్చుకోలేదు.

ఇంకో సంగతి. ఇవాళ అందరూ ఉటంకించే 'ఫారిన్ అఫైర్స్' పత్రిక మూలాలు 1910లో మొదలైన 'జర్నల్ ఆఫ్ రేస్ డెవలప్‌మెంట్'లో ఉన్నాయి. రేస్ గురించిన ఆలోచన ఈ శాస్త్రం పుట్టుకలోనే ఉంది, తర్వాత పాఠ్యపుస్తకాల్లో కనిపించకుండా పోయింది. అమెరికాలోని నల్లజాతీయులు ఐక్యరాజ్యసమితికి పిటిషన్ పెడుతున్నారని తెలిసి 1946లో అంబేడ్కర్ డూబాయిస్‌కు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం కూడా అంతర్జాతీయ సంబంధాల పాఠమే. అది మన సిలబస్‌లో ఎందుకు లేదో అడగండి.

ఏ సిద్ధాంతం చదివినా మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఎవరిని లెక్కలోకి తీసుకుంది? ఎవరిని వదిలేసింది? ఆ వదిలేయడం వల్ల లాభపడింది ఎవరు? పరీక్షలో సిద్ధాంతాన్ని పూర్తిగా, న్యాయంగా రాయండి. ఆ తర్వాతే నిలదీయండి. సరిగా అర్థం చేసుకోకుండా తిడితే అది విమర్శ కాదు.

1951 రాజీనామా ప్రకటనలో అంబేడ్కర్ విదేశాంగ విధానాన్ని ఎందుకు తప్పుబట్టారో వచ్చే భాగంలో మాట్లాడుకుందాం.

జై భీమ్.