తుపాకి ఆటకు వయసు నిర్ణయింపవలసినవారెవరు?

గత ఆదివారము సాయంకాలము నాచారమునందలి యొక పఠనమందిరమున ఒక పెద్దమనుష్యుడు మమ్ము నిలిపి యిట్లడిగెను: "వకీలు సాబ్, మా వానికి పన్నెండేండ్లు. తోటి పోరగాండ్లందరు ఫోనుల తుపాకి ఆట ఆడుతున్నరు. నాకు గూడ పెట్టియ్యి అని వారం సంది ఒకటే సతాయిస్తున్నడు. పెట్టియ్యాల్నా, వద్దా? ఒక్క మాట చెప్పండి." ప్రక్కనున్నవారిలో ఒకరు "దానిపై సర్కారు నిషేధమున్నది గదా" యనిరి. మఱియొకరు "ఆ నిషేధము ఎన్నడో పోయినది" అనిరి. ఈ రెండు మాటలలోనే యీ విషయమునందలి చిక్కంతయు కలదు. ఒక్క మాటతో తేల్చరాదనియు, పత్రికలో సమాధానము వ్రాయుదుమనియు చెప్పి వచ్చితిమి. ఉప్పల్ మొదలు నాచారము, మల్లాపూరు వఱకు ఇంటింటను నేడీ ప్రశ్నయే తల యెత్తుచున్నది గనుక ఆ సమాధానము ఒక్క తండ్రికి మాత్రమే చెందినది కాదు.

మొదట ఆట యెట్టిదో తెలిసికొనవలయును. చూడకయే తీర్పు చెప్పుట న్యాయము కాదు. పబ్‌జీ యని పిలువబడిన యీ ఆటలో నూర్గురు ఆటగాండ్రు విమానమునుండి ఒక దీవిపై దిగుదురు. పాడుపడిన యిండ్లలో తుపాకులు, మందుగుండు, కవచములు ఏరుకొందురు. చుట్టు గీచిన వలయము క్షణక్షణమునకు ఇఱుకగుచుండును. వెలుపల నిలిచినవాడు చచ్చును, లోపలికి వచ్చినవాడు ఎదురుపడినవారిని చంపవలెను. కడకు మిగిలినవాడే, లేక మిగిలిన జట్టే, గెలిచినది. ఒక ఆటకు సుమారు అరగంట పట్టును. నలుగురు జట్టుకట్టి, చెవులకు యంత్రములు తగిలించుకొని, ఒకరితో నొకరు మాటలాడుకొనుచు ఆడుదురు. ఆ నలుగురిలో ఒకడు మన వీధివాడు కావచ్చును. మఱియొకడు ఏ ఊరివాడో, ఎంత వయసువాడో ఎవరికిని తెలియదు.

ఇక నిషేధముల చరిత్ర. 2019 మార్చిలో గుజరాతునందలి రాజ్‌కోట పోలీసులు ఈ ఆటను నిషేధించి, ఆడుచున్న యువకులను పట్టుకొనిరి. 2020 సెప్టెంబరు 2వ తేదీన కేంద్ర ప్రభుత్వము దీనిని మఱి 117 యాపులతో కూడ నిషేధించెను. ఏల? పిల్లల మేలు కొఱకు కాదు. దేశపు సార్వభౌమత్వము, భద్రత అను కారణములచేత, సమాచార సాంకేతిక చట్టము 69ఎ విభాగము క్రింద. దానికి ముందునాడే, సెప్టెంబరు 1వ తేదీన, మన రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరపాఠములు ఆరంభమైనవి. పాఠము పేర బిడ్డ చేతికి ఫోను వచ్చెను. మఱునాడే అందలి యొక ఆట పోయెను. ఫోను మాత్రము చేతనే నిలిచినది. 2021 జూలైలో ఆ కొరియా కంపెనీయే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా యను పేర ఆటను మరల తెచ్చెను. 2022 జూలైలో అదియు ఆగిపోయెను. 2023 మే నెలలో మూడు నెలల పరీక్షపై తిరిగి వచ్చెను. ఇన్ని రాకపోకలలో ఒక్కసారియైనను, పండ్రెండేండ్ల పిల్లవానికి ఇది తగునా యని ఎవరును విచారించి తీర్పు చెప్పలేదు. మా అభియోగమంతయు ఇదియే.

అట్లని ఆటలో హింస యున్నది గనుక అది విషమే యని తీర్మానించువారితో మేము ఏకీభవింపజాలము. హింస లేని కథ మన బాల్యమున నెక్కడ? పద్మవ్యూహమున చిక్కిన అభిమన్యుని కథ వినని తెలుగు బిడ్డ కలడా? పల్నాటి వీరగాథయందలి బాలచంద్రుడు బొంగరములాటనుండియే గదా యుద్ధమునకు పోయెను! అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 2011లో కాలిఫోర్నియా రాష్ట్రపు చట్టమును కొట్టివేయుచు ఇట్టి వాదమునే చేసినది: పిల్లలకు మనము చదివి వినిపించు పాతకథలలోను నెత్తురు తక్కువ లేదు గదా యని. అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుల సంఘము 2015లో ఇట్టి ఆటలకును దుడుకుతనమునకును సంబంధము కలదని చెప్పినను, హత్యలు, కాల్పులు వంటి ఘోరకృత్యములను వీనికి అంటగట్టుటకు తగిన ఆధారము లేదని 2020లో స్పష్టపఱచెను. కావున ఆట ఆడిన ప్రతి బాలుడును హంతకుడగునను భయము వట్టిది. అట్లు భయపెట్టుటచే బిడ్డలు మన మాట నమ్మరు. ఎందుకన ఆడినవారు తమ తోటివారిని కండ్లార చూచుచున్నారు.

మఱి దోషమెక్కడ? మాకు నాలుగు దోషములు కనబడుచున్నవి.

మొదటిది, చావునకు విలువ లేకపోవుట. అభిమన్యుడు కూలిన పిమ్మట సుభద్ర యేడ్చినది, ఉత్తర యేడ్చినది, అర్జునుడు ప్రతిన పట్టినాడు. ఆ యేడ్పు వినియే బిడ్డ యుద్ధమన నేమో నేర్చుకొనెను. ఈ ఆటలో చచ్చినవాని కొఱకు ఏడ్చువారు లేరు. వాని మూట వెదకి మందుగుండు తీసికొనువారే కలరు. మన దేశమునకు తెచ్చినపుడు కంపెనీవారు ఎఱ్ఱని నెత్తురును పచ్చగా మార్చిరి. రంగు మార్చినంత మాత్రమున కథకు నీతి రాదు.

రెండవది, నడుమ లేవరాకపోవుట. చిర్రగోనె యాడు పిల్లవానిని తల్లి పిలిచినచో కర్ర అక్కడనే పడవేసి వచ్చును. ఇక్కడ ఆట నిలుపుటకు వీలు లేదు. లేచినచో ముగ్గురు జట్టువారు ఓడుదురు, వారి నిందలు చెవిలో మ్రోగుచుండును. తల్లి అన్నము చల్లారుచున్నదని పిలుచును, బిడ్డ పలుకడు. మన యిండ్లలో కలహము పుట్టుచున్నది తుపాకివలన కాదు, ఈ లేవలేమివలన. ఆటపై అదుపు తప్పి, చదువు, నిద్ర, ఇల్లు అన్నియు వెనుకబడు స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రుగ్మతల పట్టికలో చేర్చినది.

మూడవది, అపరిచితుల గొంతులు. వీధి చివర క్రొత్తవాడు మన బిడ్డతో గంటసేపు మాటలాడినచో ఎవడని అడుగుదుము. చెవియంత్రములో మాటలాడువానిని అడుగుట లేదు.

నాలుగవది, ధనము. తుపాకికి క్రొత్త రంగు, బొమ్మకు క్రొత్త దుస్తులు కావలెనన్న రూకలు చెల్లింపవలెను. కొన్ని పెట్టెలలో ఏమి వచ్చునో విప్పువఱకు తెలియదు. అనగా లాటరీ వంటిదే. 2021లో ఆట మరల వచ్చినపుడు, పదునెనిమిదేండ్లు నిండనివారు దినమునకు 7,000 రూపాయలకు మించి వెచ్చింపరాదని కంపెనీవారు నియమము పెట్టి, అదియొక రక్షణయని ప్రకటించుకొనిరి. పాఠకులారా! నాచారము పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి వచ్చు కార్మికుడు అంత మొత్తము కూడబెట్టుటకు ఎన్ని దినములు చెమటోడ్చవలెనో లెక్కింపుడు. ఆ నియమము ఎవరి బిడ్డను రక్షించుటకు పుట్టినదో మీరే తీర్పు చెప్పుడు.

ఇక చట్టము మాట. చిత్రహింసల బొమ్మల పుస్తకములు బాలుర చేతికి రాకుండ 1956లోనే మన పార్లమెంటు ఒక చట్టము చేసెను. చలనచిత్రములకు ధ్రువపత్రము కలదు. 2023 సవరణతో ఏడు, పదుమూడు, పదునాఱు ఏండ్ల తరగతులు ఏర్పడినవి. ఆటకు మాత్రము అట్టి ధ్రువపత్రము లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టపు ముఖ్యమైన గురి డబ్బు పందెములపైననే. యాపుల దుకాణములో ఆట పేరు ప్రక్కన కనబడు చిన్న అంకె, తయారుచేసినవారు ఒక ప్రశ్నాపత్రమునకు వ్రాసిన జవాబులనుండి పుట్టినది. పరదేశములలో అమెరికా మండలి 1994నుండియు, ఐరోపా మండలి 2003నుండియు ఈ పని చేయుచున్నవి. పబ్‌జీని అమెరికావారు పదుమూడేండ్లవారికి తగునని చెప్పగా, ఐరోపావారు పదునాఱు నిండవలెననిరి. ఒకే ఆటకు రెండు తీర్పులు! దీనివలన తేలునదేమన, వయసు నిర్ణయము గణితము కాదు, ఒక్కొక్క జాతి తన బిడ్డలను గూర్చి తాను చేసికొను వివేచన. ఆ వివేచనను మనము అమ్మువానికి విడిచిపెట్టితిమి. విదేశపు సరకును ఆపి, పంపి, మరల ఆపుట స్వరాజ్యము కాదు. సరకును పరీక్షించి మన మాట మనము చెప్పుటయే స్వరాజ్యము. ఉపాధ్యాయులు, వైద్యులు, తల్లిదండ్రులు కూర్చుండిన వయోనిర్ణయ మండలి యొకటి ఏర్పడవలెను. దాని తీర్పు తెలుగులో, పెద్ద అక్షరములలో, ఆట తెఱచినంతనే కనబడవలెను.

అంతవఱకు ఆ తండ్రికి మా సమాధానము: పదుమూడేండ్ల లోపువారికి ఈ ఆట తగదు. పదుమూడునుండి పదునాఱు వఱకు, తెలిసిన స్నేహితులతో మాత్రమే, అపరిచితుల మాటలు మూసివేసి, ఇంటి ఖాతా దానికి తగిలింపక, నలుగురు కూర్చుండు గదిలో ఆడనిండు. నిమిషములు లెక్కింపకుడు, ఆటలు లెక్కింపుడు. "ఒక్క ఆట, ముగిసినంతనే లేవవలె" నన్న మాట బిడ్డకు న్యాయముగా తోచును, నిలుపుకొనగలడు. అంతకుముందు మీరొకసారి ప్రక్కన కూర్చుండి పూర్తి ఆట చూడుడు. మీరు చూడనిదానిని కాదనుటకు బిడ్డయెదుట మీకు బలము చాలదు.

ఒక మాట మిక్కిలి బరువుతో వ్రాయుచున్నాము. 2019 ఏప్రిలులో మన పొరుగుననే, మల్కాజిగిరిలో, పదవ తరగతి బాలుడొకడు పరీక్షల వేళ ఈ ఆటను గూర్చి తల్లి మందలింపగా ప్రాణము తీసికొనెనని పత్రికలు వ్రాసినవి. ఒక మరణమునకు ఒకే కారణము చూపుట సత్యము కాదు. ఆ తల్లిని నిందించుటకు ఎవరికిని హక్కు లేదు. మనము నేర్వదగినది ఒక్కటే: చేతిలోని ఫోనును పెఱికికొనుట, కొట్టుట, తోటివారియెదుట అవమానించుట మందు కావు. బిడ్డ తిండి, నిద్ర, మాట తగ్గించినచో అది ఆటపై పిచ్చి మాత్రమే కాకపోవచ్చును, లోపల వేఱొక బాధ యుండవచ్చును. ప్రభుత్వమువారి టెలి-మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేసినచో తెలుగులోనే సలహా లభించును. అడుగుటలో సిగ్గు లేదు.

కడపట మన తప్పును మనము ఒప్పుకొందము. ఉప్పల్‌లో వేలకొలది జనము పట్టు క్రికెట్ మైదానము కలదు. 2005నుండి అక్కడ దేశదేశముల జట్లు ఆడుచున్నవి. దాని చుట్టునున్న గల్లీలలో బంతి విసరుటకు ఇరువది గజముల చోటు వెదకుకొను పిల్లలు ఎందఱో! ఖాళీ స్థలము కనబడిన చోటనెల్ల ప్లాటు రాళ్లు పాతితిమి. సాయంకాలము బడి గేటుకు తాళము వేసితిమి. పిమ్మట బిడ్డ ఫోనులోని దీవిపై దిగుచున్నాడని వాపోవుచున్నాము. ఉప్పల్, నాచారము పెద్దలు ముందు తమ పేటలోని బడి యాజమాన్యములను కలిసి, దినమునకు రెండు గంటలు ఆటస్థలము తెఱపింతురుగాక. కావలికి తామే వంతులవారీగా నిలుతురుగాక. మేమును మా వంతు నిలుతుము. నూర్గురిలో ఒక్కడే మిగులు ఆటను మాన్పింపవలెనన్న, నూర్గురును కలిసి యింటికి తిరిగివచ్చు ఆటను బిడ్డలకు చూపవలసినవారము మనమే.