నింద గుడ్లగూబది, లెక్క 1908 నాటిది

అమెరికా వాయవ్య రాష్ట్రాల్లో అడవుల గొడవ ప్రస్తావనకొస్తే అందరూ 1990 నుంచి మొదలుపెడతారు. ఆ ఏడాది ఫెడరల్ ప్రభుత్వం మచ్చల గుడ్లగూబను ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాది సియాటిల్‌లో న్యాయమూర్తి విలియం డ్వయర్, ఆ పక్షి బతికే జాతీయ అడవుల్లో కలప అమ్మకాలను ఆపేశారు. పక్షి కోసం కూలీల పొట్టకొట్టారన్న కోపం ఒరెగాన్, వాషింగ్టన్ మిల్లు ఊళ్లలో ఇప్పటికీ చల్లారలేదు. ఆ కోపం అబద్ధం కాదు. కాకపోతే దానికి మూలం పద్దుల పుస్తకాల్లో ఉంది.

1905లో థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రభుత్వ అడవులను ఇంటీరియర్ శాఖ నుంచి తప్పించి వ్యవసాయ శాఖకు అప్పగించారు. వాటిని చూసుకునే ఫారెస్ట్ సర్వీస్‌కు గిఫర్డ్ పించాట్ అధిపతి. ఆయన దృష్టిలో అడవి ఒక పంట: కోయాలి, మళ్లీ పెంచాలి. అడవిని అడవిగానే వదిలేయాలన్న జాన్ మ్యూర్‌తో ఆయనకు పొసగకపోవడంలో వింత లేదు. ఇలా ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉన్న జాతీయ అడవుల మీద కౌంటీలకు, అంటే జిల్లాల్లాంటి స్థానిక పాలనా విభాగాలకు, ఆస్తి పన్ను రాదు. అందుకు బదులుగా 1908లో కాంగ్రెస్ అడవి రాబడిలో 25 శాతాన్ని స్థానిక బడులకు, రోడ్లకు కేటాయించింది. ఆనాటికి అది ధర్మమైన ఏర్పాటే. కానీ చెట్టు కూలితేనే పంతులు జీతానికి డబ్బొచ్చే పరిస్థితి అలా వచ్చిపడింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇళ్ల కట్టుబడి పెరిగింది. ప్రైవేటు అడవులు పలచబడ్డాయి. కంపెనీల చూపు జాతీయ అడవుల మీద పడింది, కొండలకు కొండలే బోడిగా మారాయి. దానిపై రేగిన అలజడి నుంచే 1976 జాతీయ అటవీ నిర్వహణ చట్టం వచ్చింది. డ్వయర్ తీర్పుకు ప్రధాన ఆధారం ఇదే. నిందంతా మోస్తున్న 1973 అంతరించే జీవుల చట్టం కాదు. గుడ్లగూబ పేరు వినబడక ముందే యంత్రాలు మిల్లుల్లో మనుషులను తగ్గిస్తూ వచ్చాయి. ప్రైవేటు అడవుల దుంగలు కోతకు నోచుకోకుండానే జపాన్ ఓడలెక్కాయి.

1993లో అధ్యక్షుడు క్లింటన్ పోర్ట్‌లాండ్‌లో కలప పరిశ్రమ వాళ్లనూ పర్యావరణవాదులనూ కూర్చోబెట్టారు. 1994లో 2.4 కోట్ల ఎకరాల ఫెడరల్ భూములకు వాయవ్య అటవీ ప్రణాళిక వచ్చింది, నరికివేత బాగా తగ్గింది. దాంతో కౌంటీల ఖజానాలు ఎండిపోయాయి. కలప రాబడితో ముడిపడని సొమ్ము ఇచ్చేందుకు కాంగ్రెస్ 2000లో గ్రామీణ బడుల చట్టం తెచ్చింది గానీ, దాన్ని శాశ్వతం చేయలేదు. గడువు తీరినప్పుడల్లా కౌంటీలు పాత 25 శాతం లెక్కలోకే జారతాయి. కలప ఉత్పత్తి పెంచాలంటూ 2025 మార్చిలో ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వుకు అడవి అంచు ఊళ్లలో దొరికే ఆదరణను అంచనా వేసేవాళ్లు, ముందుగా అక్కడి బడుల బడ్జెట్లు తిరగేయడం మంచిది.